బండికి తోక కట్టడం: ఒకటిన్నర కిలోలో టెయిల్ ఫెయిరింగ్

వాన వెలిసిన రోడ్డు మీద పది కిలోమీటర్లు బండి నడిపి దిగినవాడి చొక్కా వీపు చూడండి. వెనక మడ్‌గార్డు సరిగ్గానే ఉంటుంది, అయినా వీపంతా సన్నటి బురద చుక్కలు. చక్రం వెనక్కి చిమ్మిన తుంపర ముందుకొచ్చి వీపుకి అంటుకుందంటే, అక్కడ గాలి బండితో పాటు ముందుకు తిరిగి వస్తోందన్నమాట. మనిషి శరీరం చీల్చిన గాలి వీపు దగ్గర మళ్ళీ కలవలేక సుడులు తిరుగుతుంది. ఆ సుడి ఉన్నచోట పీడనం తక్కువ. ఆ తక్కువ పీడనమే బండిని వెనక్కి లాగుతుంది. సీటు వెనక కట్టే తోక, అంటే గాలి సాఫీగా జారేలా చేసే తొడుగు (టెయిల్ ఫెయిరింగ్), పని ఆ ఖాళీని నింపడం.

ఎంత లాభం ఉంటుందో ముందే లెక్క వేసుకోవాలి. స్ప్లెండర్ ప్లస్‌నే తీసుకుందాం. ఇంజను 97.2 సీసీ, శక్తి 8 పీఎస్, బరువు 112 కిలోలు, చక్రాల మధ్య దూరం 1236 ఎం.ఎం. నిటారుగా కూర్చున్న మనిషితో కలిపి డ్రాగ్ గుణకాన్ని (ఆకారం గాలికి ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకె) ముఖ వైశాల్యంతో (ముందు నుంచి చూస్తే కనిపించే వైశాల్యం) గుణిస్తే 0.55 చదరపు మీటర్లు వస్తుందనుకుందాం. ఫెయిరింగ్ లేని బండికి ఇది న్యాయమైన అంచనా. గంటకు 60 కి.మీ. దగ్గర గాలిని తోసుకుపోవడానికి దాదాపు ఒకటిన్నర కిలోవాట్లు కావాలి. 80 దగ్గర మూడున్నర. టైర్లు దొర్లడానికి పోయేది రెండు వేగాల్లోనూ అర కిలోవాట్ అటూ ఇటూ. అంటే 60 దగ్గరే ఇంజను చాకిరీలో నాలుగింట మూడు వంతులు గాలికే పోతోంది. తోక వల్ల ఆ 0.55లో పది శాతం తగ్గిందనుకుంటే, 60 దగ్గర 150 వాట్లు, 80 దగ్గర 350 వాట్లు మిగులుతాయి. మిగిలినదంతా మైలేజీగా మారదు. పెట్రోలు ఇంజను తక్కువ బరువు లాగేటప్పుడు తక్కువ సమర్థంగా నడుస్తుంది కాబట్టి కొంత అక్కడే పోతుంది. ఊళ్లో 40 లోపు తిరిగే బండికి తోక దండగ. రోజూ హైవే మీద ఒక్కరే 50, 60 కిలోమీటర్లు పోయేవాళ్ల కోసమే ఇదంతా. వెనక ఎవరూ కూర్చోవడానికి ఉండదు కూడా.

ఆకారం

గాలిని చీల్చడం తేలిక. చీలిన గాలిని నెమ్మదిగా కలపడమే కష్టం. చేపకి లావంతా తల వైపు ఉండి, ఒళ్లు తోక దాకా నెమ్మదిగా సన్నబడేది అందుకే. బండి తోక కూడా అలాగే సన్నబడాలి. కానీ మొన దాకా తీసుకుపోవాలంటే ఒకటిన్నర మీటర్ల తోక కావాలి, అది రోడ్డు మీద పనికిరాదు. 1930లలో జర్మనీలో వునిబాల్డ్ కామ్ అనే ఇంజనీరు తేల్చిన సంగతి ఇక్కడ మనల్ని కాపాడుతుంది: సరైన కోణంలో సన్నబడుతూ వచ్చిన తోకని మధ్యలో నిలువునా నరికేసినా లాభంలో ఎక్కువ భాగం మిగులుతుంది. నరికిన ముఖం చిన్నది కాబట్టి దాని వెనక సుడి కూడా చిన్నదే.

ఈ పనిలో ప్రాణమంతా కోణంలో ఉంది. పక్కలు ఒక్కోవైపు 9 డిగ్రీలతో మొదలై 11 దగ్గర ముగియాలి. పైభాగం 10తో మొదలై 12 దగ్గర. 15 దాటితే గాలి తోకని అంటుకుని పారకుండా వదిలేస్తుంది. అప్పుడు తోక ఉన్నా లేనట్టే, పైగా బరువొకటి. కోణమానిని అక్కర్లేదు, టేపు చాలు: ముందు సగంలో ప్రతి 100 ఎం.ఎం. పొడవుకి ఒక్కో పక్క 16 ఎం.ఎం. తగ్గాలి, వెనక సగంలో 19. ఎక్కడైనా 27 దాటిందంటే అక్కడ గాలి ఊడిపోతుందని లెక్క. స్పోర్ట్స్ బైకుల తోకలు చూసి ముచ్చటపడి చివర్లో చటుక్కున పైకి లేపేవాళ్లున్నారు. అది అందానికి పెట్టిన ఆకారం, గాలికి కాదు.

స్ప్లెండర్ సైజు బండికి పనికొచ్చే కొలతలు ఇవి. పొడవు 700 ఎం.ఎం. తోక ముందు చట్రం వెడల్పు 380, సీటు మీది నుంచి ఎత్తు 320. సరిగ్గా మధ్యలో, అంటే 350 దగ్గర, వెడల్పు 270, ఎత్తు 260. చివర పలక వెడల్పు 135, ఎత్తు 185. అడుగు సీటుకి సమంగా ఉంటుంది.

ఎత్తు 320 దగ్గరే ఎందుకు ఆగాలి? గాలి లెక్కలో భుజాల దాకా ఉంటే ఇంకా మంచిది. కానీ మనందరం బండి ఎక్కేది కాలు వెనక నుంచి తిప్పి. సీటు నేల నుంచి 785 ఎం.ఎం., దాని మీద ఇంకో 320 అంటే నడుము పైకి వచ్చేస్తుంది. కాలు తిప్పితే బూటు తోకకి తగులుతుంది, బండి పడుతుంది. కాబట్టి మోకాలు మడిచి ముందు నుంచి, ట్యాంకుకీ తోకకీ మధ్య సీటు మీదుగా దాటించాలి. ఇంతకు మించి ఎత్తు పెడితే ట్రాఫిక్‌లో దిగడం కూడా ఇబ్బందే. లుంగీతో, చీరతో నడిపేవాళ్లకి ఈ తోక పనికిరాదు.

ఇంకొకటి: వీపుకీ తోకకీ మధ్య సందు. తోక ముందు ముఖం వీపు కింది భాగానికి ఆనాలి, లేదా రెండు వేళ్ల కంటే ఎక్కువ ఖాళీ ఉండకూడదు. అరచేతి వెడల్పు ఖాళీ వదిలితే సుడి ఆ సందులోనే మొదలవుతుంది, వెనక కట్టిన తోక మీదికి చెడిపోయిన గాలే వస్తుంది. ముందు ముఖం మీద 15 ఎం.ఎం. ఈవీఏ ఫోమ్ (చెప్పులకి వాడే మెత్తటి స్పాంజి) అతికిస్తే వీపుకి నొప్పి ఉండదు, సందూ మూసుకుంటుంది. అదే కారణంగా రెపరెపలాడే వదులు చొక్కా కూడా తోకకి శత్రువే.

సామాను

మొదటి తోక ఫైబర్ గ్లాసుతో మొదలుపెట్టొద్దు. ఆకారం ఒక్కసారిలో కుదరదు, ఫైబర్‌ని మార్చలేం. ఎన్నికలప్పుడు కరెంటు స్తంభాలకి కట్టే బోర్డులుంటాయే, ఫ్లెక్సీ షాపుల్లో సన్‌ప్యాక్ షీటు అంటారు, లోపల గొట్టాల్లాంటి గాడులుండే ప్లాస్టిక్ షీటు, అది చాలు. 3 ఎం.ఎం. మందం తీసుకోవాలి. చదరపు మీటరుకి అర కిలో లోపు తూగుతుంది. ఎనిమిది అడుగులకి నాలుగు అడుగుల షీటు ఒకటి కొంటే రెండు తోకలకి సరిపడా వస్తుంది. మనకి వాడకమయ్యేది 0.8 చదరపు మీటర్లే.

అస్థిపంజరానికి అల్యూమినియం గొట్టం కన్నా వెదురు బద్దలు నయం. 12 ఎం.ఎం. వెడల్పు, 5 ఎం.ఎం. మందంతో చీల్చిన బద్ద మీటరుకి 40 గ్రాములు. 12 ఎం.ఎం. అల్యూమినియం గొట్టం పలుచనిదైనా 90 దాటుతుంది. పైగా వెదురు అదురుని మింగేస్తుంది. అల్యూమినియం గొట్టం చివర చదును చేసి బెజ్జం పెడితే సింగిల్ సిలిండర్ బండి అదురుకి కొన్ని నెలల్లో సరిగ్గా ఆ మడత దగ్గరే పగులుతుంది. బుట్టలు అల్లే మేదరివాళ్ల దగ్గర బద్దలు కావలసిన సైజుకి చీలుస్తారు. పచ్చి బద్ద తేలిగ్గా వంగుతుంది కానీ ఆరాక కుంచించుకుపోయి కట్లు వదులవుతాయి. నీడలో పూర్తిగా ఆరినది తీసుకుని వేడితో వంచడం మేలు. పుప్పి పట్టిన బెజ్జాలు కనిపిస్తే వదిలేయాలి.

మిగతావి: 6 ఎం.ఎం. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ ముక్క రెండు చట్రాలకి, 4 ఎం.ఎం.ది చివర పలకకి. 25×3 అల్యూమినియం పట్టీ 1.4 మీటర్లు. రబ్బరు వేసిన పైపు క్లాంపులు నాలుగు, గ్రాబ్ రైలు (సీటు వెనక పట్టుకునే కడ్డీ) గొట్టం మందం కొలిచి తెచ్చుకోవాలి. ఎం6 బోల్టులు, నైలాక్ నట్లు (అదురుకి వదులవ్వనివి), వెడల్పు వాషర్లు. నల్ల కేబుల్ టైలు ఒక ప్యాకెట్టు. తెల్లవి ఎండకి పెళుసుబారి పుటుక్కున తెగుతాయి. ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు), నైలాన్ దారం, ఒక నైలాన్ బెల్టు, 12 వోల్టుల ఎల్‌ఈడీ బ్రేక్ లైటు. అన్నీ కలిపి బిగిస్తే 1.5 కిలోల దగ్గర తేలాలి. రెండు దాటిందంటే పట్టీలు ఇనుపవి వేసి ఉంటారు, లేదా ప్లైవుడ్‌ని మధ్యలో కొయ్యలేదు.

కట్టే వరస

ప్లైవుడ్ చట్రాలని పైన చెప్పిన కొలతలకి కోసి, మధ్య భాగం తీసేసి 40 ఎం.ఎం. అంచు మాత్రం మిగల్చాలి. పై మూలలు రెండూ కనీసం 50 ఎం.ఎం. వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలి. పదునైన మూల మీద పక్కగాలికి సుడి పుడుతుంది, షీటు కూడా అక్కడే చిట్లుతుంది. ఒక్కో చట్రం బయటి అంచుకి ఐదు గాట్లు పెట్టాలి: కింద రెండు, పై మూలల్లో రెండు, పై అంచు నడిమధ్య ఒకటి. గాటు లోతు బద్ద మందమంత, 5 ఎం.ఎం. బద్ద గాటులో ఒదిగి చట్రం అంచుతో సమంగా ఉండాలి. పైకి పొడుచుకుని ఉంటే షీటు మీద గీత గీతగా కనిపిస్తుంది, అక్కడ గాలి తడబడుతుంది.

రెండు అల్యూమినియం పట్టీలని పట్టాల్లా పరిచి చట్రాలు, చివర పలక నిలబెట్టాలి. మధ్యలో దారం లాగి మూడింటి నడిగీత ఒకే వరసలో ఉందో లేదో చూడాలి. చివర ఒక సెంటీమీటరు పక్కకి జరిగినా తోక చుక్కానిలా పనిచేసి బండి ఒకవైపుకి లాగుతున్నట్టు ఉంటుంది. తర్వాత బద్దలు. హీట్ గన్‌తో, లేకపోతే కొవ్వొత్తి మీద ఆడిస్తూ వంచి, చల్లారే దాకా చేత్తో పట్టుకోవాలి. కణుపు సరిగ్గా వంపు దగ్గర పడకుండా చూసుకోవాలి, అక్కడ వంగదు, విరుగుతుంది. గాట్లలో కూర్చోబెట్టి నైలాన్ దారంతో బిగించి చుట్టి, ఆ కట్టు మీద ఎపాక్సీ పూయాలి. ఒక రాత్రి కదపకూడదు.

షీటు కోసేటప్పుడు గాడులు ముందు నుంచి వెనక్కి వచ్చేలా పెట్టాలి. చాలామంది తప్పేది ఇక్కడే. గాడులు అడ్డంగా ఉంటే మూల దగ్గర షీటు వంగకుండా నలిగి మడత పడుతుంది. పొడవునా ఉన్నా మూల గుండ్రంగా తిరగాలంటే లోపలి పొరని మాత్రం గాడి విడిచి గాడి కట్టర్‌తో గీయాలి. చేతికి తెలుస్తుంది: ఆ పొర తెగి బ్లేడు ఖాళీలోకి దిగగానే ఒత్తిడి తేలికవుతుంది, అక్కడే ఆపాలి. ఇంకొంచెం నొక్కితే బయటి పొర కూడా తెగుతుంది, ఆ ముక్క పనికిరాదు. పాత న్యూస్ పేపర్లు అతికించి నమూనా కోసుకుని, ఆ తర్వాతే షీటు మీద గీసుకోండి.

ఈ షీటు పాలీప్రొపిలీన్. దీనికి ఫెవికాల్ గానీ ఫెవిక్విక్ గానీ ఎపాక్సీ గానీ అంటుకోదు. ఎండినట్టే కనిపించి రెండో రోజు పొరలా ఊడొస్తుంది. రంగూ అంతే. కాబట్టి అతుకులన్నీ బెజ్జం పెట్టి బిగించేవే: బద్ద చుట్టూ తిరిగేలా ప్రతి 80 ఎం.ఎం.కి ఒక కేబుల్ టై, ప్లైవుడ్ చట్రాల దగ్గర వెడల్పు వాషర్లతో స్క్రూలు. వాషరు లేకుండా స్క్రూ వేస్తే అదురుకి బెజ్జం పెద్దదై తల దాటి షీటు బయటికి వచ్చేస్తుంది. ఎండకి ప్లాస్టిక్ సాగుతుంది కాబట్టి బెజ్జం స్క్రూ కన్నా 2 ఎం.ఎం. పెద్దదిగా వేసి, స్క్రూని పూర్తిగా నొక్కకుండా వదలాలి. లేకపోతే మే నెల మధ్యాహ్నం షీటు అలలు అలలుగా ఉబ్బుతుంది. ముందు పలక, వెనక అంచు దగ్గర తెరుచుకున్న గాడుల నోళ్లని టేపుతో మూసేయాలి. ఆ గాడుల్లోకి నీరు పోతే బరువు, చీమలు పోతే గూడు. అడుగున వెనక వైపు 8 ఎం.ఎం. బెజ్జాలు రెండు పెడితే లోపల నీరు నిలవదు.

బండికి తగిలించేది నాలుగు క్లాంపులతో గ్రాబ్ రైలుకి. షాకబ్జార్బరు బోల్టులని ముట్టుకోవద్దు. వాటి మీద అదనపు పట్టీ వేస్తే బోల్టు పట్టు తగ్గుతుంది. ముందు భాగాన్ని సీటు చుట్టూ తిప్పిన నైలాన్ బెల్టుతో బిగించాలి. ఒక క్లాంపు ఊడినా తోక రోడ్డు మీద పడకుండా ఆపేది ఆ బెల్టే. బిగించాక చివర పట్టుకుని పక్కకి ఊపి చూడండి: తోక కదిలితే బండి మొత్తం కదలాలి, తోక ఒక్కటే కదలకూడదు. మొదటి 50 కిలోమీటర్ల తర్వాత అన్ని నట్లూ మళ్ళీ చూడాలి.

లైటు, నంబరు, ఆర్సీ

తోక సీటు చివర దాటి ఇంకో 300 ఎం.ఎం. దాకా వెనక్కి వస్తుంది. వెనక నిలబడి చూస్తే కింద బండి లైటు బాగానే కనిపిస్తుంది. కానీ లారీ డ్రైవరు కన్ను రెండు మీటర్ల పైన ఉంటుంది. దగ్గరికి వచ్చినకొద్దీ తోక నీడలో లైటు మాయమవుతుంది. అందుకే చివర పలక మీద ఇంకో బ్రేక్ లైటు పెట్టడం తప్పనిసరి. పాత లైటు వైర్లకి సమాంతరంగా కలపాలి, తోక తీసినప్పుడు ఊడేలా మధ్యలో ప్లగ్ కనెక్టరు ఉండాలి. వైర్ల రంగులని నమ్మకుండా టెస్టర్ బల్బుతో చూసి కలపండి. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం వెనక ఎర్ర లైటు చీకట్లో 155 మీటర్ల దూరానికి కనిపించాలి, నంబరు ప్లేటు 15.5 మీటర్ల నుంచి చదవగలిగేలా వెలుగు పడాలి. రెండింటినీ రాత్రి దూరం నడిచి చూసుకోవాలి.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. కోత, వెల్డింగు, ఇండికేటర్లు జరపడం వద్దే వద్దు. సామాను పెట్టెలా పది నిమిషాల్లో ఊడదీయగలిగేలా మాత్రమే కట్టాలి, అయినా రోడ్డెక్కే ముందు ఆర్టీవో ఆఫీసులో అడగడం మంచిది.

పక్కగాలి

1958 నుంచి రేసుల్లో ముందు చక్రాన్ని పూర్తిగా కప్పే డస్ట్‌బిన్ ఫెయిరింగ్‌లని ఎఫ్‌ఐఎం (అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య) నిషేధించింది. పక్కగాలి కొడితే బండి ముందు భాగాన్ని అవి పక్కకి నెట్టేసేవి. తోక విషయం దానికి తిరగేసి ఉంటుంది. పక్క వైశాల్యం బరువు కేంద్రానికి వెనక ఉంటుంది కాబట్టి, గాలి దిశ చూపే గాలికోడి తోకలా అది బండి ముక్కుని గాలి వైపు తిప్పాలని చూస్తుంది. చిన్న తోకకి అది భరించగలిగేదే. పొడవూ ఎత్తూ పెంచేకొద్దీ వంతెనల మీద, బస్సులు దాటేటప్పుడు తెలుస్తుంది. పైభాగం వాలు వల్ల వెనక కొంచెం ఎత్తే బలం కూడా పుడుతుంది. ఈ వేగాల్లో పెద్ద లెక్కలోది కాదు.

అంతకన్నా భయపడాల్సింది లోపల సామాను. ఖాళీ పెట్టె కనిపిస్తే ఎవరికైనా ఏదో ఒకటి పెట్టాలనిపిస్తుంది. వెనక చక్రం ఇరుసుకి 400 ఎం.ఎం. వెనకగా 5 కిలోలు పెడితే ముందు చక్రం మీద ఒకటిన్నర కిలోల బరువు తగ్గుతుంది. అది చిన్న అంకెలా ఉంటుంది కానీ, అంత వెనక ఊగే బరువు వేగంలో బండిని పాములా నడిపిస్తుంది. రెయిన్‌కోటు పెట్టండి, అదీ వీపు వైపు. అంతకు మించి వద్దు.

పని చేస్తోందా లేదా

ఊలు దారాన్ని 60 ఎం.ఎం. ముక్కలు చేసి ఒక కొస టేపుతో అతికించాలి, 50 ఎం.ఎం.కి ఒకటి చొప్పున, పై భాగం మీదా ఒక పక్కా. వెనక కారులోంచి ఒకరు ఫోనుతో వీడియో తీయాలి. గంటకు 60 దగ్గర దారాలు వెనక్కి పడుకుని సన్నగా వణుకుతుంటే గాలి అంటుకుని ఉంది. ఒకచోట నుంచి దారాలు లేచి గిరగిరా తిరుగుతున్నా, ముందుకి మళ్ళుతున్నా సరిగ్గా అక్కడే గాలి ఊడింది. ముందు వరసలే తిరుగుతుంటే వీపు సందు మూయాలి, లేదా చొక్కా బిగించాలి. వెనక సగంలో మొదలైతే కోణం ఎక్కువైంది. టైలు కోసి, చివర పలక వెడల్పుని ఇంకో 20 ఎం.ఎం. పెంచి మళ్ళీ కట్టాలి. సన్‌ప్యాక్‌తో మొదలుపెట్టమన్నది దీని కోసమే.

తర్వాత దొర్లుడు పరీక్ష. తెల్లవారుజామున గాలి కదలనప్పుడు, సమతలమైన రోడ్డు మీద, ట్రాఫిక్ లేనిచోట 85 దాకా పోయి క్లచ్ పట్టి వదిలేయాలి. 80 నుంచి 60కి దిగడానికి పట్టిన సమయం జీపీఎస్ యాప్ రికార్డు నుంచి తీసుకోవాలి. మనిషితో 185 కిలోల బండికి పైన చెప్పిన లెక్కలో అది 7.2 సెకన్ల దగ్గర వస్తుంది. డ్రాగ్ పది శాతం తగ్గితే 7.8. తేడా అర సెకను పైచిలుకే కాబట్టి ఒకటి రెండు సార్లతో ఏమీ తేలదు. అటు ఐదు, ఇటు ఐదు, తోకతోనూ లేకుండానూ, ఒకే పొద్దున, ఒకే టైరు గాలితో, ఒకే చొక్కాతో చేసి సగటు తీయాలి. మైలేజీ లెక్క దీని కన్నా మొండిది. కనీసం మూడు ట్యాంకులు నిండుగా కొట్టించి అదే దారిలో తిరిగితే గానీ నమ్మకూడదు.

కుదిరాక ఫైబర్

దారాలన్నీ పడుకున్నాక అదే తోకని అచ్చుగా వాడి ఫైబర్‌లో తీసుకోవచ్చు. సన్‌ప్యాక్‌కి రెజిన్ (గాజు గుడ్డని తడిపి గట్టిపరిచే జిగురు) అంటుకోదు, అది ఇక్కడ మనకి వరం. అయినా అతుకులు టేపుతో మూసి, మైనం మూడు పూతలు రుద్దాలి. బరువు తగ్గాలంటే 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాములు) గాజు నేత గుడ్డ రెండు పొరలు, ఎపాక్సీతో. రెజిన్ గుడ్డ బరువుకి సమానంగా ఉంటే చదరపు మీటరుకి 800 గ్రాములు. షాపులో ఇచ్చే 300 జీఎస్ఎం చాప్డ్ మ్యాట్ (తరిగిన గాజు పీచు చాప) రెండు పొరలు వేస్తే అది రెజిన్‌ని రెండున్నర రెట్లు తాగి రెండు కిలోలు దాటిస్తుంది.

ఎల్‌వై 556 అనే ఎపాక్సీ రెజిన్‌కి హెచ్‌వై 951 హార్డెనర్ (రెజిన్‌ని గట్టిపరిచే మందు) బరువులో వందకి పది. కొలత కంటితో కాదు, గ్రాముల తూకం మీద. హార్డెనర్ ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడుతుందనుకోవడం తప్పు, మిగిలిపోయిన హార్డెనర్ వల్ల జిగట ఉండిపోతుంది. ఒకసారికి 150 గ్రాముల కన్నా ఎక్కువ కలపొద్దు. ఎండాకాలంలో మగ్గులో నిలవ ఉన్న రెజిన్ దానంతట అదే వేడెక్కి పొగలు కక్కుతుంది. వెడల్పు పళ్ళెంలో పోసుకుంటే కొంచెం ఎక్కువసేపు ఆగుతుంది. చవకని పాలియెస్టర్ రెజిన్‌కి పోయేవాళ్లు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. థర్మాకోల్‌తో చేసిన అచ్చు మీద నేరుగా పోస్తే అందులోని స్టైరీన్ థర్మాకోల్‌ని కరిగించి గుంట చేస్తుంది. ఇక ఆ రెజిన్‌ని గట్టిపరచడానికి వేసే కోబాల్టునీ ఎంఈకేపీనీ ఎప్పుడూ ఒకదానిలో ఒకటి నేరుగా కలపకూడదు, మంటలు లేస్తాయి. కోబాల్టుని ముందు రెజిన్‌లో బాగా కలిపేశాకే ఎంఈకేపీ వేయాలి. గ్లవ్స్, కళ్లద్దాలు, తెరిచిన కిటికీలు ఏ రెజిన్‌కైనా ఉండాలి.

ఒక రోజు ఆరాక అంచులు వాటర్ పేపరుతో (నీళ్లతో వాడే గరుకు కాగితం) తడిపి రుద్దాలి. పొడి రుద్దుడు గాజు దుమ్ము రేపుతుంది. బల్ల మీద పెట్టి పక్క పలకని అరచేత్తో నొక్కితే డబ్బా రేకులా టప్‌మని లోపలికి పోతోందంటే, 80 వేగంలో కూడా అదే చేస్తుంది. లోపలి వైపు ఆ పలక మధ్యలో ఒక వెదురు బద్ద పెట్టి, దాని మీద ఒక చేయి వెడల్పు గుడ్డ ఎపాక్సీతో అతికిస్తే ఆగిపోతుంది. దానికి 40 గ్రాములు పెరుగుతుంది.